మూడో అభ్యర్థికి వేస్తే ఓటు వేస్టేనా? హైదరాబాద్ లెక్కల్లో ఒక పరిశీలన

2025 నవంబరు 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగినప్పుడు బరిలో 58 మంది ఉన్నారు. ఒక బ్యాలెట్ యూనిట్ మీద 16 బటన్లే ఉంటాయి. అందుకని నోటాతో కలిపి ప్రతి బూత్‌లో నాలుగు యూనిట్లు పక్కపక్కన పెట్టాల్సి వచ్చింది. పేర్ల వరుసకు ఒక పద్ధతి ఉంది: ముందు గుర్తింపు ఉన్న పార్టీల అభ్యర్థులు, తర్వాత రిజిస్టర్ అయినా గుర్తింపు లేని పార్టీలవాళ్ళు, చివర ఇండిపెండెంట్లు. పెద్ద పార్టీలకు వేసేవాళ్ళు మొదటి యూనిట్ దాటి చూడక్కర్లేదు. ఇండిపెండెంటుకు వేయాలంటే మాత్రం మూడో యూనిట్ దాకా, నాలుగో యూనిట్ దాకా కళ్ళు పరిగెత్తించాలి.

అంతదూరం వెళ్ళి నొక్కిన బటన్‌కు విలువ ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. అసెంబ్లీ అయినా, జీహెచ్‌ఎంసీ అయినా, ఎన్నికల మాట రాగానే మన ఇళ్ళలో ఈ వాదన మొదలవుతుంది. ఇంట్లో ఒకరు "గెలవనివాళ్ళకి వేసి ఓటెందుకు వేస్ట్ చేసుకుంటావ్" అంటారు. ఇంకొకరు "ఇద్దరూ నచ్చనప్పుడు వాళ్ళలోనే ఒకరికి ఎందుకు వేయాలి" అంటారు. చాలాసార్లు ఇద్దరి మాటా సరైనదే, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతుంటారు.

ఎక్కడ మూడో పార్టీ?

"మూడో పార్టీ" అనేదాన్ని మనం రాష్ట్రం మొత్తాన్నీ దృష్టిలో పెట్టుకుని వాడేస్తాం. ఓటు లెక్కపెట్టేది మాత్రం నియోజకవర్గంలో. ఈ రెండింటికీ ఎంత తేడా ఉంటుందో పాతబస్తీలో చూడొచ్చు.

2023 అసెంబ్లీ ఎన్నికల్లో యాకుత్‌పురాలో మజ్లిస్ (ఎంఐఎం) 878 ఓట్ల తేడాతో బయటపడింది. రెండో స్థానంలో ఉన్నది కాంగ్రెస్ కాదు, బీఆర్‌ఎస్ కాదు, బీజేపీ కూడా కాదు. 1993లో మజ్లిస్ నుంచి చీలిన మజ్లిస్ బచావో తెహ్రీక్. రాష్ట్రమంతా పోటాపోటీగా కొట్టుకున్న మూడు పెద్ద పార్టీలూ అక్కడ మూడో స్థానంలో, దాని కింద ఉన్నాయి. అంటే యాకుత్‌పురా ఓటరుకు "పెద్ద పార్టీకే వెయ్యి" అని సలహా ఇస్తే, అది మూడో అభ్యర్థికి వేయమని చెప్పినట్టే.

దాన్ని ఆనుకునే ఉన్న చాంద్రాయణగుట్టలో అదే రోజు, అదే మజ్లిస్ 81 వేలకు పైగా ఓట్ల మెజారిటీతో గెలిచింది. ఆ సీట్లో రెండో స్థానంలో ఉన్నవాళ్ళకు వేసినా, ఐదో స్థానంలో ఉన్నవాళ్ళకు వేసినా గెలుపోటముల మీద పడే ప్రభావం ఒకటే, అంటే ఏమీ లేదు. ఒక వీధి ఇటుంటే మీ ఓటు ఫలితాన్ని తాకేంత దగ్గరలో ఉంది, అటుంటే ఆ ఛాయలకే రాదు. ఓటు వేస్టా కాదా అని అడిగేవాళ్ళను నేనైతే ముందు "మీ ఓటు ఎక్కడ?" అని అడుగుతాను.

ఆ మూడో స్థానం కూడా కుదురుగా ఒకరి దగ్గరే ఉండదు. హుజూరాబాద్‌లో 2018లో బీజేపీకి వచ్చిన ఓట్లు 1,683. నోటాకు అంతకంటే ఎక్కువొచ్చాయి. మూడేళ్ళ తర్వాత 2021 ఉప ఎన్నికలో ఈటల రాజేందర్ అదే పార్టీ గుర్తు మీద లక్షకు పైగా ఓట్లతో గెలిచారు. 2018లో అక్కడ 60 వేలు దాటిన కాంగ్రెస్ ఆ ఉప ఎన్నికలో సుమారు 3 వేలకు పడిపోయింది. ఓటర్ల లిస్టు దాదాపు అదే, ఊళ్ళూ అవే. మారింది అభ్యర్థి, పరిస్థితి.

సీట్ల లెక్క ఎందుకు వంకరగా ఉంటుంది

మన దగ్గర నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్ళు గెలుస్తారు. సగం దాటాల్సిన పని లేదు. 2023లో కామారెడ్డిలో బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డికి 66,652, కేసీఆర్‌కు 59,911, రేవంత్ రెడ్డికి 54,916 ఓట్లు వచ్చాయి. అప్పటి ముఖ్యమంత్రి, కాబోయే ముఖ్యమంత్రి ఇద్దరూ ఓడారు. గెలిచినాయనకు ఈ ముగ్గురి ఓట్లలో నూటికి 37 కూడా లేవు. టీవీలన్నీ ఇద్దరి మధ్య పోటీగా చూపించిన చోట మూడో మనిషి గెలిచిన కేసు ఇది.

ఈ పద్ధతిలో ఓట్లు ఎన్ని వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ పడ్డాయన్నదీ అంతే ముఖ్యం. అదే 2023లో బీజేపీకి రాష్ట్రంలో 13.9 శాతం ఓట్లు, 8 సీట్లు. మజ్లిస్‌కు 2 శాతం పైచిలుకు ఓట్లు, 7 సీట్లు. మజ్లిస్ పోటీ చేసిందే తొమ్మిది చోట్ల, ఓట్లన్నీ ఒకే దగ్గర కుప్పగా ఉన్నాయి. ఓట్లు పరుచుకుపోతే ఏమవుతుందో 2024 లోక్‌సభ ఫలితాల్లో బీఆర్‌ఎస్‌ను చూస్తే తెలుస్తుంది: 16 శాతం దాటి ఓట్లు, 17 సీట్లలో సున్నా. అంతకు ఐదు నెలల ముందే ఆ పార్టీ 37 శాతం ఓట్లు, 39 అసెంబ్లీ సీట్లు తెచ్చుకుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో ప్రజారాజ్యానిదీ ఇదే కథ. సుమారు 16 శాతం ఓట్లు వచ్చాయి. 294 సీట్లలో ఆ వాటా ప్రకారమైతే 47 రావాలి. వచ్చింది 18.

ఫ్రెంచ్ రాజనీతి పండితుడు మారిస్ డువర్జే 1950ల నాడే చెప్పిన సూత్రం ఇదే: ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళదే గెలుపు అనే పద్ధతి రాజకీయాన్ని మెల్లగా రెండు పార్టీల వైపు నెడుతుంది. ఓట్లు సీట్లు కాకపోతుండటం చూసి చిన్న పార్టీ అభిమానులే నీరసపడి, ఉన్న ఇద్దరిలో కాస్త నయమనిపించినవాళ్ళ వైపు జరుగుతారు. అయితే ఆ రెండు పార్టీలు ఏవన్నది మాత్రం ఈ సూత్రం చెప్పదు. 1982 మార్చి 29న హైదరాబాద్‌లో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరికల్లా 200కు పైగా సీట్లతో అధికారంలో ఉంది.

"ఓట్లు చీల్చారు" అనే మాటలో దాగిన తప్పు

ఓడిపోయినవాళ్ళు ఫలితాల రోజు సాయంత్రం చెప్పే మాట ఒకటుంది: "మేం ఓడింది 400 ఓట్లతో, మూడోవాడు 4,000 చీల్చాడు. వాడు లేకపోతే మేమే గెలిచేవాళ్ళం." వినడానికి తిరుగులేని లెక్కలా ఉంటుంది. విప్పి చూద్దాం.

ఒక ఊహా వార్డు తీసుకోండి. మొదటి అభ్యర్థికి 8,000, రెండో అభ్యర్థికి 7,600, మూడో అభ్యర్థికి 4,000 ఓట్లు వచ్చాయి. తేడా 400. మూడో అభ్యర్థి అసలు నామినేషనే వేయలేదనుకుందాం. ఆ 4,000 మంది ఏం చేస్తారు? కొందరు ఆయన ఉన్నాడనే ఆ రోజు ఇల్లు కదిలారు, లేకపోతే సెలవు సెలవే. అలాంటివాళ్ళు 1,000 మంది ఉన్నారనుకుందాం. మిగిలిన 3,000లో 1,600 రెండో అభ్యర్థికి, 1,400 మొదటి అభ్యర్థికి వెళ్ళాయనుకుంటే స్కోరు 9,200, 9,400. మొదటివాళ్ళే మళ్ళీ గెలిచారు. 1,700, 1,300గా పంచుకుంటే చెరి 9,300, టై. ఆ మూడు వేలలో 1,700 దాటి, అంటే నూటికి 57 వరకు, రెండో అభ్యర్థికి పడితే తప్ప ఫలితం మారదు. మూడో అభ్యర్థికి వచ్చిన ఓట్లు మెజారిటీ కంటే పదింతలున్నా సరే.

కాబట్టి చీలిక జరిగిందా లేదా అనేది మూడోవాళ్ళ ఓట్ల సంఖ్యను చూసి చెప్పేది కాదు. ఆ ఓటర్ల రెండో ఇష్టం ఎవరు, అది ఎంత గట్టిది అన్నది తెలియాలి. ఈవీఎంలో దానికి బటన్ లేదు. సర్వేలు, బూత్‌లవారీ లెక్కలు చూసి అంచనా వేయడమే తప్ప రుజువు దొరకదు. అందుకే ఈ వాదన ఎన్నికకోసారి కొత్తగా బతుకుతుంది.

నిజంగా చీలిక జరిగిందని బలంగా అనిపించే సందర్భాలూ లేకపోలేదు. 2019లో భువనగిరి లోక్‌సభ సీటును అప్పటి టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్) 5,219 ఓట్లతో కోల్పోయింది. రోడ్డు రోలర్ గుర్తు మీద నిలబడిన ఒక ఇండిపెండెంటుకు దాదాపు 28 వేల ఓట్లు పడ్డాయి. రోడ్డు రోలర్ బొమ్మ ఈవీఎం మీద చిన్నగా, నలుపు తెలుపులో, తమ కారు గుర్తులా కనిపించి తమవాళ్ళు పొరబడ్డారని ఆ పార్టీ ఫిర్యాదు. రోలర్ నొక్కిన ప్రతి ఐదుగురిలో ఒకరు కారనుకుని నొక్కి ఉంటే చాలు, 5,500 దాటుతుంది, ఫలితం తిరగబడుతుంది. 2020 దుబ్బాక ఉప ఎన్నికలోనూ బీజేపీ గెలుపు తేడా 1,079 అయితే, చపాతీ చేసే మిషన్ గుర్తుకు మూడున్నర వేల ఓట్ల దాకా వచ్చాయి. ఇక్కడ ఓటరు మూడో అభ్యర్థిని కోరి ఎంచుకున్నాడా, కళ్ళజోడు మరిచిపోయి వచ్చాడా అన్నదే ప్రశ్న. అది చీలిక కంటే గుర్తుల కేటాయింపు సమస్య అని నాకనిపిస్తుంది.

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో పిల్లలున్న ఇళ్ళలో ఈ వాదన అమెరికా రూపంలో కూడా వినిపిస్తుంది. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాను జార్జ్ బుష్ 537 ఓట్లతో గెలిచారు. గ్రీన్ పార్టీ రాల్ఫ్ నేడర్‌కు అక్కడ 97 వేలకు పైగా వచ్చాయి. తేడా ఇంత సన్నగా ఉంటే నేడర్ ఓటర్లు డెమోక్రాట్ అభ్యర్థి అల్ గోర్ వైపు కాస్త మొగ్గినా సరిపోయేది. డెమోక్రాట్ల కోపం అందుకే. రిజిస్టరైన డెమోక్రాట్లే అంతకంటే ఎక్కువమంది బుష్‌కు వేశారు కదా, వాళ్ళనెందుకు అనరని నేడర్ పక్షం వాళ్ళు అడుగుతారు. అక్కడ ఎక్కువ రాష్ట్రాల్లో ఫలితం ముందే తెలిసిపోతుంది కాబట్టి చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా తేడా అక్కడా వర్తిస్తుంది.

ఎవరు రావాలి, ఎవరు రాకూడదు

లెక్కలు పక్కన పెడితే మిగిలేది ఓటరు ఉద్దేశం. పెద్ద పార్టీకే వేయాలనేవాళ్ళ వాదన ఇది: ప్రభుత్వం ఎవరో ఒకరు ఏర్పాటు చేస్తారు. పింఛను, నీళ్ళు, పోలీస్ స్టేషన్, అన్నీ వాళ్ళ చేతిలో ఉంటాయి. ఇద్దరిలో ఒకరు వస్తే నష్టమని నిజంగా అనుకుంటున్నప్పుడు, మూడోవాళ్ళకు వేయడం ఆ నష్టాన్ని ఆపే అవకాశాన్ని వదులుకోవడమే. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ముఖ్యంగా గెలిచే పార్టీని బట్టి బతుకులో తేడా పడేవాళ్ళకు ఇది సిద్ధాంత చర్చ కాదు.

రెండో వైపువాళ్ళు చెప్పేది ఇంకో రకం. ఓడినవాళ్ళ ఓటు వేస్టే అయితే జూబ్లీహిల్స్‌లో రెండో స్థానానికి పడ్డ 74,259 ఓట్లూ వేస్టేగా? గెలిచినవాళ్ళకు 24,729 మెజారిటీ ఉంది, ఆ అదనపు ఓట్లు లేకున్నా గెలిచేవారు కదా, అవీ వేస్టేనా? ఒక్క ఓటుతో ఫలితం మారడం ఎంత అరుదంటే, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సీపీ జోషి ఒక్క ఓటుతో ఓడిన సంగతి ఇప్పటికీ కథలా చెప్పుకుంటాం. ఫలితాన్ని మార్చడమే విలువ అయితే దాదాపు ఎవరి ఓటుకూ విలువ లేదు. విలువ అభిప్రాయం చెప్పడంలో ఉందంటే మూడో ఓటూ మిగతావాటితో సమానమే.

నాకు మొదటి వాదన గట్టి పోటీ ఉన్న సీట్లలో బలంగా, మిగతా చోట్ల బలహీనంగా కనిపిస్తుంది. ఇబ్బంది ఏంటంటే, పోటీ ఎక్కడ గట్టిగా ఉందో పోలింగ్‌కు ముందు చెప్పేది ఎక్కువగా పార్టీలే. "మూడోవాళ్ళు సీన్‌లో లేరు" అని ప్రచారం చేయడం వల్లే మూడోవాళ్ళు సీన్‌లో లేకుండా పోతారు.

నిరసనగా నామినేషన్లు

గెలవడం అసలు ఉద్దేశమే కాని పోటీలూ ఉంటాయి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంకర్లు పోతున్నా పట్టించుకునే దిక్కు లేక, దేశం చూపు తమ మీద పడాలని మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. ప్రభుత్వం నుంచి ముందుగా వచ్చిన జవాబుల్లో ఒకటి డిపాజిట్ పెంపు: లోక్‌సభకు 500 నుంచి 10,000 రూపాయలకు. ఇప్పుడది 25,000, అసెంబ్లీకి 10,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఇందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు పోతుంది.

2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, వాళ్ళలో 170 మందికి పైగా రైతులు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టారు. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు, పసుపు బోర్డు హామీతో బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిచారు. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. రైతుల నామినేషన్ల వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేం కానీ, ఆ డిమాండ్‌ను ఎవరూ పట్టించుకోకుండా ఉండలేని స్థితి మాత్రం వాళ్ళే తెచ్చారు.

నోటాతో దీన్ని కలపకూడదు. 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ఆ బటన్‌కు అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఫలితాన్ని మార్చే శక్తి లేదు. 2024లో ఇండోర్‌లో నోటాకు 2 లక్షలకు పైగా వచ్చినా అభ్యర్థి గెలుపు గెలుపే. డిపాజిట్ లెక్కలో కూడా నోటాను చెల్లిన ఓటుగా తీసుకోరు. మూడో అభ్యర్థికి పడిన ఓటు లెక్కలోకి వస్తుంది, ఒక పేరు మీద, ఒక గుర్తు మీద నమోదవుతుంది.

ఓడిన ఓటు తర్వాతి ఎన్నికలో ఏం చేస్తుంది

ఆ నమోదు వల్ల ఉపయోగం ఉంది. అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లతో పాటు రెండు సీట్లు తెచ్చుకుంటే, లేదా ఒక్క సీటూ రాకున్నా 8 శాతం ఓట్లు వస్తే, రాష్ట్ర పార్టీగా గుర్తింపు వస్తుంది. ఇంకా కొన్ని దారులున్నాయి. గుర్తింపు వస్తే రాష్ట్రమంతా ఒకే గుర్తు సొంతమవుతుంది, నామినేషన్‌కు పది మంది బదులు ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, బ్యాలెట్ మీద పై వరుసలోకి వస్తారు. గుర్తింపు లేని కష్టం ఏమిటో జనసేన చూసింది. 2024లో ఆ పార్టీ పోటీలో లేని చోట్ల గాజు గ్లాసు గుర్తు కొందరు ఇండిపెండెంట్ల చేతికి వెళ్ళి పెద్ద గొడవైంది. 2025 జనవరిలో గుర్తింపు వచ్చాక గానీ ఆ టెన్షన్ తీరలేదు.

జనసేనదే ఇంకో పాఠం కూడా. 2019లో ఒక్క సీటు, సుమారు ఐదున్నర శాతం ఓట్లు, అధినేత రెండు చోట్లా ఓటమి. మామూలు భాషలో అవన్నీ వేస్టయిన ఓట్లు. 2024లో పొత్తు చర్చలకు కూర్చున్నప్పుడు ఆ పార్టీ చేతిలో ఉన్న సరుకు అదే. ఇచ్చిన 21 అసెంబ్లీ సీట్లలో 21 గెలిచింది. జూబ్లీహిల్స్‌లో 2025లో గెలిచిన నవీన్ యాదవ్ కూడా 2014లో అక్కడే మజ్లిస్ టికెట్ మీద రెండో స్థానంలో, 2018లో ఇండిపెండెంటుగా ఓడినవారే. కాంగ్రెస్ ఆయనను ఎంచుకున్నప్పుడు ఆ పాత ఓట్లను చూడకుండా ఉంటుందా?

దీనికి రెండో ముఖం లేకపోలేదు. ప్రజారాజ్యం మూడేళ్ళు తిరక్కుండానే 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది, ప్రత్యామ్నాయం కావాలని వేసినవాళ్ళు కంగుతిన్నారు. 2009లో కూకట్‌పల్లి నుంచి గెలిచిన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ పార్టీ మారకుండా పదవీకాలం పూర్తిచేశారు కానీ ఆ పార్టీ తర్వాత అసెంబ్లీలో కనిపించలేదు. చిన్న పార్టీవాళ్ళు గెలిచాక అమ్ముడుపోతారని అనుమానించేవాళ్ళు 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది 2019 జూన్‌లో ఒక్కసారే టీఆర్‌ఎస్‌లో విలీనమైన సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

1, 2, 3 అని రాసే ఓటు

ఈ చిక్కంతా ఒక్కరినే ఎంచుకోవాల్సిన పద్ధతి వల్ల వచ్చింది. వేరే పద్ధతి కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, హైదరాబాద్ పట్టభద్రులు ఎమ్మెల్సీ ఎన్నికల్లో వాడేది అదే. అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని మీ ఇష్టం వరుసగా రాస్తారు. ఎవరికీ సగం దాటి మొదటి ఓట్లు రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళను తీసేసి, వాళ్ళ ఓట్లను రెండో ఇష్టం ప్రకారం పంచుతారు. మీకు నచ్చిన ఇండిపెండెంటుకు ధైర్యంగా 1 వేయొచ్చు, ఎదుటి పార్టీ రాకూడదనుకుంటే ఇంకో పెద్ద పార్టీకి 2 వేయొచ్చు. చీల్చడమన్న మాటకు చాలావరకు చోటుండదు.

2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది పోటీ చేశారు. ఇండిపెండెంటుగా ప్రొఫెసర్ నాగేశ్వర్‌కు 53 వేలకు పైగా మొదటి ప్రాధాన్య ఓట్లు వచ్చాయి. అంతకుముందు ఆయన రెండుసార్లు ఇదే పద్ధతిలో ఇండిపెండెంటుగానే గెలిచారు. టీఆర్‌ఎస్ అభ్యర్థి సురభి వాణీదేవికి, బీజేపీ అభ్యర్థి రాంచందర్‌రావుకు మొదటి ఓట్లతో సగం దాటలేదు. చివరికి తేల్చింది కింద ఉన్నవాళ్ళ రెండో ప్రాధాన్య ఓట్లే. వాణీదేవి గెలిచారు.

అసెంబ్లీకి, లోక్‌సభకు ఇది రావాలంటే పార్లమెంటు చట్టం మార్చాలి. ఇప్పుడున్న పద్ధతిలో గెలిచి వచ్చినవాళ్ళే దాన్ని మార్చాలి. ఆచరణలోనూ ఇబ్బందులున్నాయి. 2021లో ఆ ఒక్క స్థానం లెక్కింపు పేపరు బ్యాలెట్లతో రాత్రీపగలూ నడిచి నాలుగు రోజులు పట్టింది. ఓటేసిన వాళ్ళంతా డిగ్రీ పాసైనవాళ్ళే, అయినా అంకె బదులు టిక్కులు పెట్టడం లాంటి పొరపాట్లతో 21 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి.